రుసుములో దాగిన జాడ

సియాల్దాలో క్యానింగ్ లోకల్ ఎక్కి, క్యానింగ్‌లో దిగి, అక్కడి నుంచి గద్‌ఖాలి రేవుకు చేరి పడవ పట్టుకుంటే కోల్‌కతావాసులకు సుందరవనం ఒక పూట ప్రయాణం. 1973లో పులుల సంరక్షణ కేంద్రమై, 1984లో జాతీయ ఉద్యానమైన అడవి అది. సజ్నేఖాలి దగ్గర పడవ ఆపి, మనిషికింత, పడవకింత, గైడుకింత అని కట్టి అనుమతిపత్రం తీసుకోవాలి. ఈ సొమ్మును బెంగాలీలు ‘ప్రవేశమూల్యం’ అంటారు. మనం ‘ప్రవేశ రుసుము’ అంటాం.

మూల్యం అంటే వెల. వెల కట్టినవాడు సరుకు అడుగుతాడు. తిరుగు పడవల్లో వినబడే “ఇంత కట్టినా పులి కనబడలేదే” అన్న నిట్టూర్పు ఆ మాటలోంచే పుడుతుంది.

రుసుము దారి వేరు. అరబ్బీలో ‘రస్మ్’కు బహువచనం ‘రుసూమ్’. రస్మ్ అంటే నేలమీద మిగిలిన గుర్తు. గుడారాలు ఎత్తేశాక ఇసుకలో నిలిచిన ఆనవాలు రస్మ్. ఒంటె బలంగా అడుగు వేసి నేలపై ముద్ర వదలడమూ ఆ ధాతువులోదే. పదిమంది నడిచిన జాడే బాట అయినట్టు, ఆ గుర్తు ఆచారమైంది. ఉర్దూలో రస్మ్ అంటే ఇప్పటికీ ఆనవాయితీయే. ఆనవాయితీగా ముట్టజెప్పేది రుసుమైంది. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖులకు శిస్తులో దక్కే వాటా పేరు అదే. కోర్టుకు, రిజిస్ట్రేషన్‌కు మనం కడుతున్నదీ అదే.

సుందరవనంలో తేనె తీసే మౌలేలు ఆచారం, చెల్లింపు అనే ఈ రెండర్థాలనూ ఇంకా కలిపే ఉంచారు. ఖల్సీ పూలు విరిసే వేసవి రోజుల్లో అటవీశాఖ నుంచి అనుమతి తీసుకుంటారు, అడవి దేవత బన్‌బీబీకి మొక్కుతారు, అప్పుడు అడవిలో కాలు పెడతారు. అడవి తమది కాదని ఒప్పుకోవడమే ఆ ఆచారం. చూడ్డానికి వెళ్లే మనం కట్టేదీ ఆ ఒప్పుకోలే కావాలి. పులి కనబడితే భాగ్యం; కనబడకపోతే మనకెవరూ బాకీ లేరు.

నేను వెళ్లిన రోజున పులి కనబడలేదు. ఆటు మీద ఏరు తగ్గి, ఒండ్రు మెరుస్తోంది. గైడు పడవ నెమ్మది చేయించి వేలు చూపించాడు. మడ మొక్కల వేళ్ల మధ్య నుంచి నీటి అంచు దాకా పంజా గుర్తుల వరుస. ఒక్కో గుంటలో చిటికెడు నీరు, అందులో ఆకాశం. పోటు వస్తే చెరిగిపోతాయి అన్నాడు. ఒంటె అడుగుకు పుట్టిన మాట ఒండ్రులో ఎదురుపడింది. కట్టిన రుసుముకు చూసింది కూడా రుసుమే.