బెర్లిన్ చౌక్‌లో ఖాళీ అరలు

గత వేసవి సెలవులలో తమ్ముని వద్దకు జర్మనీ వెళ్ళినప్పుడు, బెర్లిన్ నగరంలోని బెబెల్‌ప్లాట్జ్ అనే చౌక్ చూచే అవకాశం మాకు కలిగినది. ఉన్నది గంటసేపే. ఒకపక్క సంగీత నాటకశాల, ఇంకోపక్క విశ్వవిద్యాలయ భవనం, మూలన గుమ్మటంతో చర్చి. చూడముచ్చటైన చోటు.

1933 మే 10 రాత్రి నాజీలు ఇక్కడే సుమారు 20,000 పుస్తకాలను తగులబెట్టారు. చదువురాని మూక చేసిన పని అనుకునేరు! మంటలో పుస్తకాలు విసిరినది యూనివర్సిటీ విద్యార్థులు. వెంట కొందరు ప్రొఫెసర్లు కూడా ఉన్నారు. పాఠాలు చెప్పి బతికే మాకు ఈ సంగతి ములుకులా గుచ్చుకున్నది.

చౌక్ నడుమ నేలలో అద్దం బిగించి ఉన్నది. వంగి చూస్తే కింద తెల్లని గది, చుట్టూ ఖాళీ అరలు. 20,000 పుస్తకాలు పట్టేటన్ని. ఇజ్రాయెల్ శిల్పి మీహా ఉల్మాన్ చేసిన ఈ స్మారకం 1995 నాటిది.

దగ్గరలోనే ఒక పలక మీద జర్మన్ కవి హైనే మాటలున్నవి. పుస్తకాల మంట మనుషుల దాకా వస్తుందని వాటి సారాంశం. అవి ఆయన ‘అల్మన్సోర్’ నాటకంలోనివి. స్పెయిన్‌లోని గ్రనాడాలో ఖురాన్ షరీఫ్‌ను కాల్చారని విని ఒక ముసల్మాను పాత్ర పలికే మాటలవి. ఆ నాటకం 1933కు నూరేళ్ళ పైచిలుకు ముందటిది. హెచ్చరిక నిజమే అయినది: 1945 నాటికి నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను పొట్టనబెట్టుకున్నారు.

సోదరులారా! పిల్లలను ఫస్టుక్లాసులో పాసు చేయిస్తే మా పని తీరినట్టే అనుకునేవాళ్ళం. ఆ రాత్రి విద్యార్థులు కూడా పరీక్షలు పాసైనవారే కదా! నచ్చని పుస్తకాన్ని కూడా అరలో ఉండనివ్వాలని పిల్లలకు ఎవరు చెప్పాలి? బడిలో మేము చెప్పాలి, ఇంట్లో మీరు చెప్పాలి.