నానజెనేరియన్: దీనారానికి దాయాది

పండక్కి పిల్లలకు తలా పదేసి రూపాయలు ఇచ్చామంటాం. పదేసి అనగానే ఒక్కొక్కరికి పది అని తెలిసిపోతుంది, ఇంకో మాట అక్కర్లేదు. ఇంత చిన్న ప్రత్యయంతో ఇంత పని చేయించుకునే సుఖం ఇంగ్లీషుకు లేదు. లాటిన్‌కు ఉండేది. రెండేసిని వాళ్లు బీనీ అన్నారు, పదేసిని డేనీ అన్నారు, తొంభయ్యేసిని నోనాగేనీ అన్నారు. తొంభై దాటిన పెద్దలకు ఇంగ్లీషు పత్రికలు తగిలించే నానజెనేరియన్ అనే బరువైన బిరుదు ఈ తొంభయ్యేసి లోంచి వచ్చిందే.

నోనాగేనీకి ‘కలది’ అన్న అర్థమిచ్చే ఆరియుస్‌ను చేర్చారు. నోనాగేనారియుస్ అయింది. తొంభై కలది అని అర్థం. తొంభై ఏళ్లే కానక్కర్లేదు, ఏవైనా తొంభై. క్రీ.శ. 97లో రోమ్ నగర నీటి సరఫరాకు అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ తన పుస్తకంలో నీటి గొట్టాల కొలతలు వరసగా రాసిపెట్టాడు. అందులో ఒక గొట్టం పేరు నోనాగేనారియా. దాని నోటి వైశాల్యం తొంభై చదరపు వేళ్లు. వేలంటే వేలి వెడల్పు, రోమన్ల కొలత. ఇవాళ మనం తాతగారిని పిలిచే మాటతో రోమ్ వాళ్లు గొట్టాన్ని పిలిచారన్నమాట. ముసలితనం, ముడతలు, అనుభవం లాంటివేవీ ఆ మాటలో లేవు. ఉన్నదల్లా లెక్క.

ఇదే అచ్చులో పోసిన ఇంకో మాట మనకు బాగా తెలుసు. డేనీకి ఆరియుస్ చేరిస్తే డెనారియస్. క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమ్ ముద్రించిన వెండి నాణెం అది. మొదట్లో పది కంచు నాణేల విలువ చేసేది కాబట్టి ఆ పేరు. గ్రీకుల చేతిమీదుగా తూర్పుకు నడిచి అరబ్బులకు దీనార్ అయింది, మన దేశంలో గుప్తుల బంగారు నాణేలకు దీనారం అయింది. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడికి జరిగిందని చెప్పుకునే కనకాభిషేకంలో కురిసినవీ దీనార టంకాలే. కాబట్టి నానజెనేరియన్ మనకు మరీ పరాయిది కాదు. దాని దాయాది మన చాటుపద్యాల్లో ఎప్పటినుంచో కాపురముంది.

ఇంగ్లీషువాళ్లు ఈ మాటను మనుషుల వయసుకు వాడటం పద్దెనిమిదో శతాబ్దంలో మొదలైంది. అప్పటికి చదువుకున్న ప్రతివాడికీ లాటిన్ మోజే. అరవైకి సెక్సజెనేరియన్, డెబ్బైకి సెప్చువజెనేరియన్, ఎనభైకి ఆక్టోజెనేరియన్ అంటూ మెట్లు కట్టారు. మొదటిదాన్ని ఇప్పుడు ఎవరూ పెద్దగా వాడరు. ముందక్షరాలు వినగానే మనసు ఎటో పోతుందని కాబోలు! వందకు సెంటెనేరియన్. అక్కడ ‘జె’ ఉండదు. వందేసికి లాటిన్‌లో కెంటేనీ అంటారు, అందులో ‘గే’ లేదు గనక. ఈ ‘జె’ను చూసి జనరేషన్ అనే మాటతో చుట్టరికం కలిపేవారున్నారు. ఆ చుట్టరికం లేదు. ఈ ‘గే’ వచ్చింది తొంభై అనే అర్థమున్న నోనాగింటా లోంచి. అందులోని గింటాకు అసలైన చుట్టం సంస్కృత త్రింశత్, పంచాశత్‌ల చివర ఉన్న ‘శత్’.

ఇక వాడుక. తొంభై నిండిన రోజు నుంచి నూరు నిండే ముందురోజు దాకా మనిషి నానజెనేరియనే. బ్రిటన్ రాణి ఎలిజబెత్ భర్త ఫిలిప్ 1921 జూన్ 10న పుట్టి 2021 ఏప్రిల్ 9న పోయారు. రెండు నెలల తేడాలో సెంటెనేరియన్ కాలేకపోయారు. మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 2010 సెప్టెంబరు 10న ఈ మెట్టెక్కి, సరిగ్గా పదేళ్లకు పై మెట్టుకు చేరి, 102 ఏళ్లు దాటాక కన్నుమూశారు. ఈ మాటను నొక్కి పలకాల్సింది ‘నే’ దగ్గర. మొదటి అక్షరాన్ని నా అన్నా నో అన్నా తప్పులేదు. తొంభై రెండేళ్ల నానజెనేరియన్ అని రాస్తే నడిసెంటర్ మధ్యలో అన్నట్టుంటుంది. వయసో, బిరుదో, ఏదో ఒకటి చాలు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఇంట్లో ఈ మాట పలకడం అరుదు. మా అమ్మమ్మ ‘ఇన్ హర్ నైంటీస్’ అంటారు. నానజెనేరియన్ పత్రిక శీర్షికల్లో, సంతాప వార్తల్లో, సన్మాన పత్రాల్లో బతికే మాట. మన ఇంగ్లీషు మాస్టర్లు దాన్ని ఒక్కమాట ప్రశ్నల జాబితాలో బట్టీ పట్టించారు గానీ, ఎక్కడ వాడకూడదో చెప్పలేదు.

అసలు చిక్కు అనువాదంలో ఉంది. తొంభయ్యో ఏట అడుగుపెట్టిన పెద్దాయన అని తెలుగులో రాస్తాం. ఆయనకు నిండినవి ఎనభై తొమ్మిదే. దాన్ని నానజెనేరియన్ అని ఇంగ్లీషులోకి మార్చేస్తే ఏడాది ముందే పీట వేసినట్టు. ఇది చాదస్తమని కొట్టేయకండి, ఇలాంటి తకరారే కోర్టుకెక్కింది. విశ్రాంత న్యాయమూర్తులకు ఎనభై ఏళ్ల నుంచి అదనపు పింఛను ఇస్తారు. ఎనభై నుంచి అంటే ఎనభయ్యో ఏడు మొదలైనప్పటి నుంచేనని 2018లో గౌహతి హైకోర్టు తీర్పు చెప్పింది. అది కాదు, ఎనభై నిండిన నెల మొదటి తారీఖు నుంచి అని తేల్చడానికి పార్లమెంటు 2021 డిసెంబరులో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

ఎన్నికలొచ్చాయంటే మన ఇంగ్లీషు పత్రికల్లో నానజెనేరియన్లకు గిరాకీ. వేలి మీద సిరాచుక్కతో ఒక అవ్వ బొమ్మ, కింద ఈ మాట. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎనభై అయిదు దాటినవారికి ఇంటి దగ్గరే ఓటేసే వీలు కల్పించారు. ఈ మాట పుట్టిన రోమ్‌లో మాత్రం వ్యవహారం వేరు. అరవై ఏళ్లవాళ్లను వంతెన మీంచి దించెయ్యండి అని అక్కడొక సామెత ఉండేది. పూర్వం ముసలివాళ్లను నిజంగానే నదిలోకి తోసేవారని కొందరన్నారు. కాదు, ఓటు వెయ్యడానికి నడిచే ఇరుకు వంతెనల మీంచి కుర్రాళ్లు వాళ్లను తప్పించాలని చూశారు, అంతేనని మరికొందరన్నారు. దీని గురించి రోమన్లలోనే వాదం నడిచింది. సెక్సజెనేరియన్‌కే ఆ గతి పట్టిన చోట నానజెనేరియన్ సంగతి అడగనే వద్దు.

మన దగ్గర తొంభై దాటినవారికి పేరు లేదనుకుంటాం. షష్టిపూర్తి ఉంది, సహస్ర చంద్ర దర్శనం ఉంది, ఆపైన నేరుగా శతాయువే గుర్తొస్తుంది. కానీ అమరకోశం మనుష్యవర్గంలో ముదుసలికి చెప్పిన పేర్లలో దశమీ అని ఒకటుంది. బతుకులో పదో పదిలో ఉన్నవాడు, అంటే తొంభై దాటినవాడు. మనుస్మృతి రెండో అధ్యాయం దారిలో ఎవరికి పక్కకు తప్పుకోవాలో చెబుతూ రోగితో, బరువు మోసేవాడితో పాటు దశమీస్థుణ్ణీ లెక్కపెట్టింది. మనువుతో పేచీ పడాల్సినవి చాలా ఉన్నాయి. ఈ మాట దగ్గర మాత్రం నాకే పేచీ లేదు. లాటిన్ మాట ఎన్నేళ్లో కొలిచి ఊరుకుంటే ఇది దారి కూడా ఇమ్మంది.

మీ ఇంట్లో తొంభై నిండిన పెద్దలుంటే వచ్చే పుట్టినరోజు పిలుపు కార్డులో దశమీస్థులు అని అచ్చువేయించి చూడండి. తప్పుపట్టినవారికి అమరకోశం చూపించండి.