బందరు వెంకయ్య, బోలతీ మెషీన్

మా బేటీ స్కూలు ప్రాజెక్టు కోసం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఈజాద్‌ల పట్టిక రాస్తూ, "అబ్బా, మన కృష్ణా జిల్లా వాళ్లెవరూ లేరా?" అంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ముక్క కూడా చూపించింది: మాట్లాడే సినిమా కనిపెట్టినవాడు రఘుపతి వెంకయ్య అట.

ఝూట్. వెంకయ్య ఏ మెషీనూ కనిపెట్టలేదు. 1869లో మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకున్న మనిషి. ఈజాద్ ఫ్రాన్సువాడు లియోన్ గోమాంట్‌ది. 1902లో క్రోనోఫోన్ ప్రదర్శించాడు. ప్రొజెక్టరునీ గ్రామఫోనునీ కరెంటు తీగతో ముడేసి, తస్వీర్‌కీ ఆవాజ్‌కీ తాళం కలపడం దాని పని. రికార్డు ఒక్క గీత జారిందా, పెదాలు ముందు, పాట వెనక! అప్పట్లో యాంప్లిఫయర్లు ఎక్కడివి? హాలంతా వినబడాలంటే ఒత్తిడితో నింపిన గాలిని వాడి గొంతు పెంచేవారు. అలాంటి పెద్ద గొంతున్నదే క్రోనోమెగాఫోన్.

వెంకయ్య దాన్ని తెప్పించి 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించాడు. బర్మా, సిలోన్ దాకా మోసుకెళ్లాడు. 'ఆలం ఆరా' కన్నా 21 ఏళ్లు ముందు, హిమ్మత్ చూడండి! 1921లో మన బెజవాడలో మారుతీ సినిమా హాలు లేచింది. ఆ ఏడే ఆయన కొడుకు ప్రకాష్ మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు.

బేటీతో కనిపెట్టినవాడి గడిలో గోమాంట్ పేరే రాయించాను. వెంకయ్యకి పక్కన వేరే గడి గీయమన్నాను. ఆ గడికి ఏం పేరు పెట్టాలో తేలక ఇంకా పెన్సిలు కొరుకుతూనే ఉంది.