బుస్సీ దొర కొలువు – నాలుగు సర్కారుల లెక్క

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాసికొను నా వంటివానికి రాజుల పరాక్రమముకంటె వారి జమాఖర్చులే యెక్కువ ఆసక్తిని కలిగించును. కావున, పరదేశమునుండి వచ్చి దాదాపు ఎనిమిదేండ్లు దక్కను సుబా సేనను, పరరాష్ట్ర వ్యవహారములను తన చేతిలో నుంచుకొన్న ఫ్రెంచి దొర బుస్సీ చరిత్రను ఆ దృష్టితోనే చెప్పదలచితిని.

ఆ దొర కథతో మన కేమి పని యని కొందరడుగవచ్చును. మన వికారాబాదునకు ఆ పేరు నవాబు వికారుల్ ఉమ్రా వలన వచ్చినది. ఆయన పాయగా వంశీకుడు. 1893 మొదలు 1901 వరకు నిజాము రాజ్యమునకు ప్రధాన మంత్రి. పాయగా యనగా నిజాము స్వంత సైన్యమును పోషించుటకై యీయబడిన జాగీరు. రైతు కట్టిన శిస్తు సర్కారు ఖజానాకు పోక, సిపాయి పోషణకని నేరుగా జాగీరుదారునికే చేరును. 1949లో జాగీరులు రద్దగువరకు ఈ ప్రాంతమున మన పెద్దలనేకులు ఇట్టి యేర్పాటు క్రిందనే పన్ను కట్టిరి. ఇంటివానికే యిచ్చినను చిక్కులు తప్పని యీ యేర్పాటును పరదేశపు సేనాపతికి చేసినచో నేమగునో బుస్సీ కథ తెలుపును. కౌటిల్యుడు రాజ్యమునకు సప్తాంగములను చెప్పుచు కోశమును ముందుంచి దండమును దాని తరువాత నిలిపెను. ఆ వరుస తారుమారైన కాలపు కథ యిది.

1748లో మొదటి నిజాము ఆసఫ్ జా మరణించెను. కుమారుడు నాసిర్ జంగునకును, కూతురు కొడుకు ముజఫర్ జంగునకును వారసత్వపు పోరు కలిగెను. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరుగా నున్న డూప్లే యీ కలహమును కనిపెట్టి ముజఫరు పక్షము వహించెను. 1750 డిసెంబరులో జింజి సమీపమున పఠాను నవాబుల కుట్రవలన నాసిర్ జంగు హతుడయ్యెను. క్రొత్త సుబేదారైన ముజఫరును రాజధానికి చేర్చుటకు డూప్లే పంపిన సేనాని బుస్సీ. అతని వెంట నున్నవారు సుమారు 300 మంది ఫ్రెంచివారు, 2,000 మంది సిపాయిలు, కొన్ని ఫిరంగులు. దక్కను సుబా వైశాల్యమును తలచినచో ఇది చాల చిన్న పటాలము.

1751 ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతమున ఆ పఠాను నవాబులే యెదురుతిరుగగా జరిగిన పోరులో ముజఫరు మరణించెను. సేన చెదరిపోవలసిన ఘడియ యది. కాని బుస్సీ, ఆ శిబిరమునందే నిర్బంధములో నున్న ఆసఫ్ జా మూడవ కుమారుడు సలాబత్ జంగును వెలికి తెచ్చి మసనదు నెక్కించెను. గద్దె నెక్కినవాడు బలహీనుడు, ఎక్కించినవాడు కార్యదక్షుడు. ఆ దినము మొదలు సుబేదారుని ముద్ర యొకని చేత, కత్తి యొకని చేత నుండెను.

మహారాష్ట్రులతో యుద్ధము వచ్చినది. అదే సంవత్సరము చివర చంద్రగ్రహణపు రాత్రి పీష్వా బాలాజీ బాజీరావు శిబిరముపై బుస్సీ పడి ఫిరంగులు ప్రేల్చెను. అయితే యుద్ధముతో కార్యము ముగియదని యతనికి తెలియును. 1752లో భాల్కివద్ద పీష్వాతో సంధి కుదిరెను. పడమటి సీమ కొంత వదలుకొనవలసివచ్చెను. మన జంక్షనులో బండి నెక్కి బీదరు మీదుగా పోవువారు భాల్కి స్టేషనును చూచియే యుందురు. ఆ కాలమునందే ఢిల్లీనుండి సుబేదారీ సన్నదుతో వచ్చిన పెద్దన్న గాజీయుద్దీను ఔరంగాబాదులో విషప్రయోగముచేత మరణించెను. సలాబత్ జంగునకు అడ్డు తొలగినది.

ఇక అసలు విషయము జీతములది. ఫ్రెంచి పటాలమునకు జీతములు సలాబత్ జంగు ఖజానానుండి రావలెను. 1753లో బుస్సీ అనారోగ్యముచే మచిలీపట్టణమునకు పోయి విశ్రమించెను. అదను చూచి దివాను సయ్యద్ లష్కర్ ఖాను, దొర కత్తితో తలపడక, దొర లెక్కలతో తలపడెను. జీతములు బిగబట్టెను. పటాలమును ముక్కలు చేసి దూర ప్రాంతములకు వసూళ్లకని పంపెను. ఆకలిగొన్న సిపాయి తానే తిరుగబడునని యతని యెత్తు. లష్కర్ ఖానును కుటిలుడని వ్రాసినవారు పెక్కురు కలరు. నా మట్టుకు నాకాతడు ఆ దర్బారులో వ్యాధి మూలము నెరిగిన యొకే మంత్రిగా తోచును. పరాయి పటాలమును వదిలించుకొనుటకు రక్తము చిందని మార్గము అదొక్కటే యుండెను.

కాని బుస్సీ కోలుకొని వచ్చెను. చెదరిన బలమును కూర్చుకొని ఔరంగాబాదు చేరెను. అక్కడ యుద్ధము చేయలేదు, శిక్షింపుమని కోరలేదు. ఇకమీదట నా పటాలము జీతము ఎవరి దయపైనను ఆధారపడరాదనెను. ఆ సంవత్సరాంతమున ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారుల శిస్తు సేన ఖర్చుక్రింద వ్రాయించుకొనెను. ముస్తఫానగరమనగా కొండపల్లి. కృష్ణనుండి ఉత్కళపు టెల్లవరకు గల కోస్తా అంతయు ఒక సన్నదుతో పరుల పద్దులోనికి పోయెను. లష్కర్ ఖాను పదవి పోయి, ఆ స్థానమున షానవాజ్ ఖాను వచ్చెను. మొగలు సర్దారుల చరిత్రలను మాసిరుల్ ఉమ్రా యను పారసీక గ్రంథముగా సంకలనము చేసిన పండితు డితడే.

శిస్తు వ్రాయించుకొనుట సులభము, వసూలు చేయుట కష్టము. పై సర్కారులలో జమీందారులు కోటలు కట్టుకొని యున్నవారు. బుస్సీ విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజును చేరదీసి సర్కారుల భూములను గుత్త కిచ్చెను. సక్రమముగా కట్టువాడు దొరకినచో, వాని పగలును కూడ తనవిగా చేసికొనక తప్పదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటముందు జరిగినది అదియే. రాజా రంగారావునకును విజయరామరాజునకును గల పాతపగలో ఫ్రెంచి ఫిరంగి ప్రవేశించెను. కోటలోని స్త్రీలను, బిడ్డలను తమవారే చంపి, వీరులు కడకంట పోరి మడిసిరి. మూడు దినములు గడువకమునుపే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారములో పొడిచి చంపెను. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమునందును, వేదము వేంకటరాయశాస్త్రిగారి నాటకమునందును, జంగము కథలయందును ఈ వృత్తాంతము మనవారికి సుపరిచితము. ఆ రచనలలో మనము వెలమల శౌర్యమును, రాజుల పగను చూతుము. నాకు వానితోపాటు గుత్త కాగితమొకటి కూడ కనబడుచుండును.

దీనికి ముందు 1756లో షానవాజ్ ఖాను కూడ పూర్వ దివాను దారినే పట్టి, సావనూరు దండయాత్రలో బుస్సీకి సెలవిప్పించెను. బుస్సీ హైదరాబాదు చేరి చార్ మహలులో తలదాచుకొని ముట్టడి నెదుర్కొనెను. మచిలీపట్టణమునుండి లా యను సేనాని బలముతో వచ్చి చేరగా సలాబత్ జంగు రాజీపడెను. నాలుగు సర్కారులు, వానితోపాటు సముద్రపు రేవులు చేతిలో నుండుటవలననే యీ తోడ్పాటు దొరకినది. 1758లో ఔరంగాబాదున నిజామలీ డేరాలో బుస్సీ దివాను హైదర్ జంగు హత్య కాగా, ఆ కల్లోలములో ఆ దినముననే షానవాజ్ ఖానును ఫ్రెంచివారు చంపిరి. అంత గ్రంథము కూర్చిన వృద్ధుడట్లు పోవుట శోచనీయము.

ఆ సంవత్సరమే క్రొత్తగా వచ్చిన ఫ్రెంచి సేనాధిపతి లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనెను. దక్కను వ్యవహారము తెలియని లాలీ చేసిన యీ పని ఫ్రెంచివారి కొంప ముంచినది. విజయరామరాజు వారసుడు ఆనందగజపతి ఇంగ్లీషువారిని పిలిచెను. కర్నలు ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిలులో మచిలీపట్టణము కోటను పట్టెను. సహాయము చేయవచ్చిన సలాబత్ జంగు, నెల తిరిగిన తరువాత ఇంగ్లీషువారితోనే సంధి చేసికొనెను. పద్దు మారలేదు, పద్దులో పేరు మారినది. బుస్సీ 1760 జనవరిలో వందవాసి యుద్ధమున ఇంగ్లీషువారికి బందీగా చిక్కెను. సలాబత్ జంగును తమ్ముడు నిజామలీ గద్దె దింపి బీదరు కోటలో నుంచెను. అక్కడనే 1763లో అతడు మరణించెను. లాలీకి ఫ్రాన్సులో 1766లో శిరచ్ఛేదము. బుస్సీ మాత్రము ధనవంతుడై స్వదేశము చేరి, వృద్ధాప్యమున 1783లో సేనాపతిగా తిరిగివచ్చి, 1785లో పుదుచ్చేరిలో కన్నుమూసెను. అతని వద్ద తుపాకి పట్టుట నేర్చిన ఇబ్రహీం ఖాను గార్దీ 1761లో పానిపట్టున మహారాష్ట్రుల ఫిరంగులను నడిపెను.

నిజామలీ తెలివిగలవాడని ప్రసిద్ధి. అయినను అతడు కూడ ఫ్రెంచి సేనాని రేమండును కొలువుంచుకొనెను. 1798లో రేమండు మరణించిన పిమ్మట, 14,000 వరకు నున్న ఆ పటాలమును ఇంగ్లీషువారు రద్దు చేయించునప్పుడు గొప్ప యుద్ధమేమియు జరుగలేదు. బాకీ జీతములకై సిపాయిలే తమ దొరలను చుట్టుముట్టిరి. లష్కర్ ఖాను 1753లో పన్నిన యెత్తు 45 ఏండ్లకు ఇంగ్లీషువారికి ఫలించెను. హైదరాబాదులో మూసారాంబాగునకు పోవువారు ఆ పేరు రేమండుదేనని, సరూర్ నగరు వైపు గుట్టమీది సమాధి అతనిదేనని గుర్తింపవచ్చును.

తరువాత ఇంగ్లీషువారి అధికారుల క్రింద హైదరాబాదు కంటింజెంటు వచ్చెను. దాని జీతములు బాకీపడగా, 1853 నాటి ఒడంబడికతో బేరారు, ధారాశివము, రాయచూరు దోఆబు వారి యధీనమునకు పోయెను. తాండూరువారికి పొరుగు సీమయైన రాయచూరు ధారాశివముతోపాటు 1860లో తిరిగివచ్చినది. బేరారు రాలేదు. 1902లో కర్జను ప్రభువు దానిని సాలునకు 25 లక్షల రూపాయల కౌలునకు శాశ్వతముగా వ్రాయించుకొనెను.