గుండ్లకమ్మకు ముందు: ఒక యువ మిషనరీ తొలి దినములు

ఉపోద్ఘాతము

ఆంధ్ర క్రైస్తవ సంఘ చరిత్ర అనగానే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన నోటికి వస్తుంది. మేము కూడా ప్రసంగ వేదికలపై దానిని అనేకమార్లు చెప్పియున్నాము. అయితే దానికి పదమూడు సంవత్సరాల ముందు, భాష రాని, మనుషులు తెలియని ఒక యువకుడు ఈ మైదానాలలో తన దినములు ఏలాగు గడిపెను అనే ప్రశ్న మనము అరుదుగా అడుగుతాము. గొప్ప దినమును జ్ఞాపకముంచుకొని, దానిని సిద్ధపరచిన సామాన్య దినములను మరచిపోయిన సంఘము తన చరిత్రను సగమే చదివినట్లు. ఈ వ్యాసంలో ఆ మిగిలిన సగమును పరిశీలించదలచాము.

1. మద్రాసు రేవులో ఇద్దరు

1852 ఆగస్టులో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో జరిగిన మహాసభలో మోర్మన్ సంఘము అనేక దేశములకు మిషనరీలను నియమించింది. వారిలో స్కాట్లండులో జన్మించిన రిచర్డ్ బాలంటైన్ ఒకరు. భార్యాపిల్లలను ఇంట విడిచి 1853లో మద్రాసు చేరారు. ఆయన ప్రకటన ఇంగ్లీషులో సాగింది. వినినవారు అధికముగా ఐరోపా సైనికులు, ఉద్యోగులు. కొద్దిమందికి బాప్తిస్మమిచ్చి, ఏడాది తరువాత 1854లో తిరిగి వెళ్లిపోయారు.

వారి బోధ సత్యము కాదు గనుక నిలువలేదని మనము సులభముగా చెప్పవచ్చును. వారి సిద్ధాంతముతో మనకు ఏకీభావము లేదన్నది నిజమే. కాని ఆ సమాధానము చాలదు. మన విశ్వాసమునే ప్రకటించిన అమెరికన్ బాప్టిస్టు మిషను 1840 నుండి నెల్లూరులో పనిచేసినను, ఇరవై సంవత్సరాల తరువాత కూడ సంఘ సభ్యులు బహు కొద్దిమంది. ఈ మిషనును మూసివేయుటయా అని అమెరికాలోని పెద్దలు ఒకటికంటె ఎక్కువసార్లు ఆలోచించారు. కాబట్టి సిద్ధాంతముతో పాటు ఇంకేమి కావలసియుండెనో వెదకవలెను.

1864 నవంబరు 30న బోస్టనులో ఓడ ఎక్కిన జాన్ ఎవరెట్ క్లౌ సుమారు నాలుగు నెలల ప్రయాణము తరువాత 1865 ఏప్రిల్‌లో అదే మద్రాసు రేవులో దిగారు. వయస్సు ఇరవై ఎనిమిది. యౌవనంలో అమెరికా పశ్చిమ ప్రాంతాలలో భూమి కొలిచే సర్వేయరుగా పనిచేసిన మనిషి. భార్య హారియెట్, చిన్న బిడ్డ తోడుగా నెల్లూరు చేరారు.

2. బోధించ వచ్చి శిష్యుడగుట

క్లౌ గారు ఒంగోలుకు కాపురము మార్చినది 1866 సెప్టెంబరులో. అనగా మొదటి పదునెనిమిది మాసములు ప్రధానముగా నేర్చుకొనే కాలమే. అచ్చులు, హల్లులు, ఒత్తులు దిద్దుకొనుట, ఎండకు అలవాటుపడుట, చూచినవారెల్ల విదేశీయుని వింతగా చూచుటను ఓర్చుకొనుట. పట్టభద్రుడైన యువకునికి ఇది చిన్న తగ్గింపు కాదు. వాక్యము చెప్పుటకు వచ్చినవాడు ముందు మన బిడ్డలవలె అక్షరములు దిద్దెను.

3. తోలు వర్తకుడు చూపిన దారి

ఈ కాలములోనే ఎర్రగుంట్ల పేరయ్య గారు కనబడుతారు. ఆయన తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వర్తకుడు. తన వారిలో యోగమార్గ గురువుగా పేరున్నవాడు. వ్యాపారము నిమిత్తము ఉత్తరమునకు వెళ్లినప్పుడు ఏలూరు ప్రాంతములో క్రీస్తును గూర్చి వినెను. 1866 మార్చిలో ఒంగోలులో లైమన్ జెవెట్ గారు ఆయనకును, భార్య నాగమ్మ గారికిని బాప్తిస్మమిచ్చారు. తరువాత పేరయ్య గారు ఇంటికి వెళ్లి ఊరకుండలేదు. బంధువుల యొద్దకు, వ్యాపారములో పరిచయమైన పల్లెలకు వెళ్లి చెప్పుచుండెను.

1867 జనవరిలో క్లౌ గారు ఆ ప్రాంతమునకు వెళ్లి గుడారము వేసినప్పుడు ప్రజలు సిద్ధముగా ఉండిరి. అక్కడ 28 మంది బాప్తిస్మము పొందారు. మిషనరీ అక్కడ దున్నలేదు, పేరయ్య దున్నిన పొలమునకు కోతకు వెళ్లెను. ఈ వరుసను మనము తారుమారు చేసి చెప్పుట న్యాయము కాదు.

4. బడియా, పల్లెయా?

ఒంగోలులో అగ్రవర్ణముల వారు తమ పిల్లలకు మిషను బడి కోరి, పంపిరి. మాదిగలను సంఘములో చేర్చుకొంటే పిల్లలను పంపమని తరువాత చెప్పారు. క్లౌ దంపతులు వేరువేరుగా ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికీ 1 కొరింథీ 1:26 మొదలైన వచనములే కనబడెనని క్లౌ గారు తానే చెప్పారు. ఆ సాక్ష్యమును మేము తక్కువ చేయము. కాని ఆ వచనములు తెరువబడునాటికి పేరయ్య, నాగమ్మల ముఖములు వారికి తెలియును. పేదల పక్షమున నిర్ణయించుటకు దేవుడు వాక్యముతోపాటు మనుషులను కూడ వారి యెదుట ఉంచెను. ఫలితముగా పట్టణ పెద్దల ఆదరణ పోయెను, పల్లెలు దగ్గరాయెను.

1876–78 కరవులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకొని కూలి కల్పించుటకు ఆయన పాత సర్వే పని పనికివచ్చెను. కూలి కొరకు మతములోనికి వచ్చిరను మాట రాకుండునట్లు కరవు కాలములో బాప్తిస్మములు నిలిపివేశారు. చివరకు గుండ్లకమ్మలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున ఇచ్చారు.

5. మరి రెండు సాక్ష్యములు

గుంటూరులో లూథరన్ మిషనుకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ గారిది ఇరవై ఏడేళ్ల వయస్సు. వైద్యురాలైనను ఆమెను వైద్యసేవకు పంపలేదు, స్త్రీల మధ్య బోధించుటకు పంపారు. అయితే వ్యాధిగ్రస్తులైన స్త్రీలు ఆమె వాకిట నిలిచారు. వారి అవసరమే ఆమె పిలుపును మిషను పెద్దలకు రుజువు చేసెను. 1898లో ఆసుపత్రి తెరువబడింది.

మోర్మన్ సంఘము సంగతి కూడ ఇదే చూపుతుంది. బాలంటైన్ వెళ్లిన శతాబ్దముపైన కాలమునకు, సమోవాలో ఆ సంఘములో చేరిన ఒక తెలుగు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించగా 22 మంది చేరారు. 2012లో భారతదేశములో ఆ సంఘపు మొదటి స్టేకు, అనగా అనేక స్థానిక సంఘముల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది. ఇంగ్లీషు ప్రసంగము చేయలేనిది బంధుత్వము చేసెను.

ముగింపు

నేడు మన సంఘములు మన యువతీయువకులను ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు పంపుచున్నవి. తాడేపల్లి ప్రాంతములో సేవచేయుచున్న మాకు ఈ చరిత్ర మూడు ప్రశ్నలు వేయుచున్నది. పంపినవారికి భాష నేర్చుకొనుటకు ఏడాదైనా ఇచ్చుచున్నామా, లేక మూడవ నెలలోనే బాప్తిస్మముల లెక్క అడుగుచున్నామా? అక్కడి పేరయ్యలను, నాగమ్మలను గుర్తించుమని నేర్పుచున్నామా? మన సంఘముల శిలాఫలకములపై దొరల పేర్లున్నవి. మన పల్లెలలో వాక్యము చెప్పిన తొలి ఉపదేశి పేరు, బైబిలు స్త్రీ పేరు ఎక్కడ వ్రాసియున్నవి?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగల వృద్ధులు తరుగుచున్నారు. సెమినరీ విద్యార్థులు ఈ వేసవిలో తమ సొంత సంఘమునకు వెళ్లి, ఒక్క పేరైనను అడిగి వ్రాసుకొని రావలెనని మా మనవి.