ఆశీస్సు నుంచి తిట్టు దాకా: ఆంగ్లంలో నెత్తుటి మాటలు

ఆంగ్లంలో ఆశీర్వదించడానికి వాడే 'బ్లెస్' అన్న క్రియ, నెత్తురు అని అర్థమిచ్చే 'బ్లడ్' అన్న మాట నుంచే పుట్టిందని భాషాచరిత్రకారులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. బలి ఇచ్చిన జంతువు రక్తాన్ని చిలకరించి వస్తువునో స్థలాన్నో పవిత్రం చేసే పాత ఆచారాన్ని తెలిపిన ఆ క్రియనే, క్రైస్తవం ఇంగ్లండుకు వచ్చిన తరువాత, లాటిన్ ప్రార్థనల్లోని ఆశీర్వచనానికి సమానార్థకంగా మతబోధకులు స్వీకరించారు. అదే ప్రాచీన ఆంగ్లంలో 'గోర్' అంటే పేడ, మురికి. 16వ శతాబ్దం నాటికి అది గాయం నుంచి కారి గడ్డకట్టిన నెత్తురుకు పేరైంది. ఒక అంచున పవిత్రత, మరో అంచున మాలిన్యం ఉన్న ఈ పదజాలంలో ఏ మాట ఎటువైపు నిలిచిందన్నది, దాని అర్థాన్ని బట్టి కన్నా దాన్ని పలికినవారి అంతస్తును బట్టే ఎక్కువగా తేలింది.

వైద్యుల నోట రక్తపు మాటలకు ఎన్నడూ మర్యాద తగ్గలేదు. ఆయుర్వేదం మూడు దోషాలను చెప్పినట్లే గ్రీకు, రోమన్ వైద్యం రక్తం, శ్లేష్మం, పచ్చ పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాల సమతుల్యతను ఆరోగ్యంగా భావించింది. వాటిలో రక్తం పాలు ఎక్కువగా ఉన్నవారు ఎర్రని మోముతో, ఉల్లాసంగా, ఆశావహంగా ఉంటారన్న నమ్మకం నుంచే, నేటికీ ఆశాజీవి అని అర్థమిచ్చే 'సాంగ్విన్' అన్న విశేషణం వచ్చింది. జబ్బు తగ్గడానికి సిరను కోసి నెత్తురు తీసే చికిత్సను ఆనాటి వైద్యులు సిరకు ఊపిరాడనివ్వడంగా చెప్పుకొనేవారు. ఆ కోతకు వాడిన చిన్న కత్తి పేరునే 1823లో థామస్ వేక్లీ తన వైద్య పత్రికకు పెట్టగా, 'లాన్సెట్' నేటికీ ప్రపంచంలోని ప్రముఖ వైద్య పత్రికలలో ఒకటిగా వెలువడుతోంది.

ముష్టియుద్ధపు బరిలో నెత్తురుకు మరింత విచిత్రమైన పేరు దక్కింది. చేతి తొడుగులు లేకుండా, ఒకరు లేవలేని స్థితికి వచ్చేదాకా సాగిన ఆ పోటీలు 18, 19వ శతాబ్దాల ఇంగ్లండులో చట్టవిరుద్ధమే అయినా, వాటిని చూడటానికి ప్రభువులు మొదలుకొని జేబుదొంగల దాకా వేలమంది ఊరి వెలుపలి మైదానాలకు తరలివచ్చేవారు. చివరి గెలుపు మీదనే కాక, ఎవరి ఒంటి నుంచి ముందుగా నెత్తురు చిందుతుందన్న దాని మీద కూడా విడిగా పందేలు నడిచేవి. 1812 ప్రాంతం నుంచి 'బాక్సియానా' పేరుతో ఆ పోటీల వృత్తాంతాలను సంపుటాలుగా ప్రకటించిన పియర్స్ ఈగన్ బరి పక్క యాసను అచ్చులోకి తెచ్చి స్థిరపరిచాడు. ఆ యాసలో నెత్తురు 'క్లారెట్', అంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర ద్రాక్షసారా. ముక్కు పగలగొట్టడమంటే పీపాకు బిరడా తీసి సారా పారించడం. ఈ పోలిక వెనుక రంగు ఒక్కటే లేదు. 1703లో పోర్చుగల్‌తో కుదిరిన మెథ్వెన్ ఒప్పందం పోర్చుగల్ సారాకు సుంకం తగ్గించి ఫ్రెంచి సారాను ఇంగ్లండులో ఖరీదైన సరుకుగా నిలిపింది. కనుక క్లారెట్ సంపన్నుల భోజనాల బల్ల మీది పానీయం. కసాయి పనివారు, బొగ్గు మోసేవారు, నావికుల వంటి శ్రమజీవులు బరిలో కార్చిన నెత్తురును, పందెం కాసి చూస్తున్న ధనికుడు తన గ్లాసులోని పానీయం పేరుతో పిలిచిన తీరులో ఆ కాలపు క్రూరత్వమంతా కనిపిస్తుంది. ఆ మాట బ్రిటన్ బాక్సింగ్ వ్యాఖ్యానాల్లో నేటికీ వినిపిస్తూనే ఉంది.

మత సంబంధమైన రక్తం మాత్రం చట్టం దాకా వెళ్లింది. దేవుని రక్తం మీద ఒట్టు అన్న మాటను కుదించి 'స్‌బ్లడ్' అనడం ఎలిజబెత్ కాలపు నాటకాలలో సర్వసాధారణం. 1606లో పార్లమెంటు చేసిన శాసనం, రంగస్థలం మీద దేవుని పేరును పరిహాసంగా ఉచ్చరించిన ప్రతిసారీ పది పౌన్ల జరిమానా విధించి, అందులో సగం ఫిర్యాదు చేసినవారికి దక్కేలా ఏర్పాటు చేసింది. ఫలితం షేక్‌స్పియర్ పాఠాలలోనే కనిపిస్తుంది. 1622లో విడిగా అచ్చయిన 'ఒథెల్లో'లో ఇయాగో తొలి మాటల్లోనే ఉన్న ఆ ఒట్టు, మరుసటి ఏడు వెలువడిన సమగ్ర సంపుటంలో కనిపించదు.

నేడు అందరికీ తెలిసిన 'బ్లడీ' ఈ ఒట్టు నుంచే వచ్చిందని కొందరు, కన్య మేరీ పేరు మీది ఒట్టు అరిగి ఇలా మారిందని మరికొందరు చెబుతూ వచ్చారు. రెండో వాదానికి ధ్వని మార్పుల ఆధారం బలహీనం. 17వ శతాబ్దం చివర తాగి వీధుల్లో అల్లరి చేసిన ప్రభువుల కుమారులను 'బ్లడ్స్' అనేవారు గనుక, వారిలా తాగినవాడిని వర్ణించడంలో ఈ విశేషణం పుట్టి, క్రమంగా 'మహా', 'విపరీతంగా' అన్న అర్థంలో స్థిరపడిందన్న ఊహ మరింత నమ్మదగినది. చర్చి మతాధికారి అయిన జొనాథన్ స్విఫ్ట్ 1711లో తన స్నేహితురాలు స్టెల్లాకు రాసిన లేఖలో ఎండ తీవ్రతను చెప్పడానికి దీన్ని ఏ సంకోచమూ లేకుండా వాడాడు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ కూర్చిన యాస నిఘంటువు నాటికి ఇది దొంగలకు ఇష్టమైన తిట్టుగా నమోదైంది. అర్థం మారలేదు, కేవలం పలికే నోళ్లు మారాయి. దానితో మాట అంటరానిదైపోయింది. 19వ శతాబ్దపు పత్రికలు పోలీసు వార్తల్లో దీన్ని మొదటి, చివరి అక్షరాలతో, నడుమ గీతతో అచ్చు వేశాయి. 1887 జనవరిలో గిల్బర్ట్, సల్లివన్‌ల సంగీత నాటకం 'రడీగోర్' లండన్‌లో ప్రారంభమైనప్పుడు, ఆ పేరులోని తొలి భాగం ఈ తిట్టుకు మర్యాదపూర్వకమైన మారుపేరుగా వినిపిస్తోందని ఆక్షేపణ రాగా, రచయితలు కొద్ది రోజుల్లోనే ఒక అక్షరం మార్చి పేరును సవరించవలసి వచ్చింది.

ఈ వర్గభేదాన్ని బెర్నార్డ్ షా అందరికన్నా స్పష్టంగా గుర్తించాడు. 1914 ఏప్రిల్ 11న లండన్‌లోని హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో ప్రదర్శించిన 'పిగ్మాలియన్' మూడో అంకంలో, పూలమ్ముకొనే పిల్ల ఎలైజా, ధ్వనిశాస్త్ర పండితుడు నేర్పిన నిర్దుష్టమైన ఉచ్చారణతో, పెద్దింటి అతిథుల నడుమ ఈ మాటను పలుకుతుంది. మిసెస్ పాట్రిక్ కాంబెల్ నోట అది వెలువడగానే ప్రేక్షకుల నవ్వు నిమిషానికి పైగా ఆగలేదు. చాలా పత్రికలు ఆ మాటను అచ్చు వేయకుండానే దాని గురించి రోజుల తరబడి రాశాయి. మాట పేదలదిగా, ఉచ్చారణ ధనికులదిగా చేసి, రెంటిలో దేన్ని సమాజం అసలు తప్పుగా ఎంచుతుందో ఆయన ప్రేక్షకుల చేతే చెప్పించాడు. 1956లో ఇదే కథ 'మై ఫెయిర్ లేడీ'గా రంగస్థలానికి ఎక్కేనాటికి ఈ తిట్టులో వాడి తగ్గిపోయింది. రూపకర్తలు ఎలైజాను ఆస్కాట్ గుర్రప్పందేలకు తీసుకువెళ్లి, అక్కడ ఆమె చేత మరింత ఘాటైన కేక వేయించవలసి వచ్చింది.

తెలుగు నేలకు 'బ్లడీ' ఆంగ్లేయుల పాలనతో పాటు వచ్చింది. పాత తెలుగు చిత్రాలలో సూటు ధరించిన ప్రతినాయకుడు 'బ్లడీ ఫూల్', 'బ్లడీ రాస్కెల్' అని గద్దించినప్పుడు, అందులో దేవుని మీద ఒట్టు గానీ బరిలో కారిన నెత్తురు గానీ లండన్ వీధుల యాస గానీ ఎవరికీ వినిపించవు. ఇంగ్లండులో వీధిమనుషుల మాటగా తృణీకరణ పొందిన ఈ తిట్టు, ఇక్కడి తెర మీద చదువుకున్నవాడి, అధికారం చెలాయించేవాడి మాటగా మారింది.