పద్దెనిమిది అడుగులు: సానియా మీర్జా డబుల్స్ జీవితం, బోధన

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. వెడల్పు సింగిల్స్‌కు 27 అడుగులు, డబుల్స్‌కు 36. ఒంటరిగా ఆడే మనిషి 27 అడుగుల వెడల్పును కాచుకోవాలి. జోడీగా ఆడేవారిలో ఒక్కొక్కరి వంతుకు లెక్కప్రకారం వచ్చేది పద్దెనిమిది. ఈ తొమ్మిది అడుగుల తేడాను చూపించే, డబుల్స్‌ను కాళ్ళలో సత్తువ తగ్గినవారి ఆటగా జమకట్టడం పరిపాటి అయింది. సానియా మీర్జా గురించి ప్రచారంలో ఉన్న కథ కూడా ఇదే అచ్చులో పోసింది. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళింది, గాయాలపాలై డబుల్స్‌కు మళ్ళింది, అదీ ముగిశాక పిల్లలకు నేర్పుతోంది. వినడానికి క్రమం సాఫీగానే ఉంది గాని తేదీలు దానికి ఒప్పుకోవు. హైదరాబాదు శివార్లలో మొయినాబాదు దగ్గర ముర్తుజాగూడలో ఆమె అకాడమీ మొదలైంది 2013లో. డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం దక్కింది 2015 ఏప్రిల్‌లో. ఆట విరమించింది 2023 ఫిబ్రవరిలో. బడి ముందు, శిఖరం తరువాత. ఈ వరుసను పట్టించుకుంటే ఆమె జీవితం మరో రకంగా కనిపిస్తుంది.

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో పుట్టింది. కుటుంబం హైదరాబాదుది. ఆరేళ్ళ వయసులో నిజాం క్లబ్బు కోర్టుల్లో రాకెట్ పట్టింది. తొలినాళ్ళ శిక్షణలో మహేశ్ భూపతి తండ్రి సి.జి.కె. భూపతి చేయి ఉంది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆమె వెంట ఊరూరా తిరిగిన శిక్షకుడు కన్నతండ్రి ఇమ్రాన్ మీర్జా. హైదరాబాదుకు టెన్నిస్ కొత్త కాదు. డేవిస్ కప్ ఆడి, జట్టుకు సారథ్యం వహించిన ఎస్.పి. మిశ్రా ఈ ఊరివాడే. కాని ఒక ఆడపిల్ల దీన్ని వృత్తిగా పెట్టుకోవడానికి ముందు నడిచిన దారంటూ ఇక్కడ లేదు.

ఆమె తొలినాళ్ళ పెద్ద విజయాల్లో పలు జోడీగా వచ్చినవే కావడం గమనించదగ్గది. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో వింబుల్డన్ బాలికల డబుల్స్. 2004లో హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి తొలి డబ్ల్యుటిఎ టైటిల్, అది కూడా డబుల్సే. మరుసటి ఏడాది ఫిబ్రవరి 12న అదే పోటీలో అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ ఒక్క సాయంత్రంతో అంతకు ముందరి జోడీ చరిత్ర అంతా మరుగున పడిపోయింది. ఆ సంవత్సరమే ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండులో సెరెనా విలియమ్స్‌తోనూ, యుఎస్ ఓపెన్ నాలుగో రౌండులో మరియా షరపోవాతోనూ తలపడి ఓడింది. ఓడినా, అంతవరకు వెళ్ళిన భారతీయ మహిళ మరొకరు లేరు. పత్రికలకు కావలసింది దొరికింది. ఆటకన్నా ఆమె ముక్కుపుడక మీదా, పొట్టి లంగా మీదా ఎక్కువ సిరా ఖర్చయిన సంవత్సరం అది.

ఆ ఫోర్‌హ్యాండ్ గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. సానియా కీళ్ళు మామూలుకన్నా ఎక్కువగా వంగుతాయి. మణికట్టును చివరి క్షణంలో కొరడాలా విసరడం ఆమెకు పుట్టుకతో వచ్చిన సౌలభ్యం. బంతి ఎటు పోతుందో ప్రత్యర్థికి చివరిదాకా అంతుపట్టనిది ఆ మణికట్టు మూలంగానే. 2008లో ఆమెను దాదాపు ముంచింది కూడా అదే. 2007 ఆగస్టు 27న సింగిల్స్‌లో 27వ స్థానానికి చేరిన మనిషి, ఏడాది తిరిగేసరికి బీజింగ్ ఒలింపిక్స్ తొలి రౌండులో ఇవెటా బెనెషోవా మీద ఆట మధ్యలోనే చేతి నొప్పితో తప్పుకోవలసి వచ్చింది. మణికట్టుకూ, మోకాళ్ళకూ శస్త్రచికిత్సలు జరిగాయి. 2009 ఆరంభంలో మహేశ్ భూపతితో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్, 2011లో ఎలెనా వెస్నీనాతో ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఫైనల్, 2012లో మళ్ళీ భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్. ఈ మధ్యకాలంలో సింగిల్స్ క్రమంగా జారిపోయింది. 2012 తరువాత ఆమె దాని జోలికి వెళ్ళలేదు.

ఇక్కడ డబుల్స్ స్థితిగతులు కొంత తెలియాలి. 1980ల తొలినాళ్ళలో జాన్ మెకెన్రో, మార్టినా నవ్రతిలోవా రెండు ఆటల్లోనూ అగ్రస్థానంలో ఉన్నారు. పామ్ ష్రైవర్‌తో జోడీ కట్టిన నవ్రతిలోవా 1983 నుంచి 1985 వరకు వరుసగా 109 మ్యాచులు ఓడలేదు. బహుమతుల సొమ్ము పెరిగి, ఆట శరీరాన్ని పిండేసే స్థాయికి చేరాక సింగిల్స్ తారలు డబుల్స్‌ను వదులుకున్నారు. ఖాళీ అయిన చోటును డబుల్స్‌నే వృత్తిగా చేసుకున్నవారు నింపారు. నిర్వాహకులకు వీరు భారంగా తోచారు. టికెట్లు అమ్ముడుపోవు, టీవీ చూపించదు, హోటలు గదులు మాత్రం ఇవ్వాలి. 2005లో పురుషుల సంఘం ఏటీపీ డబుల్స్‌లోకి ప్రవేశాన్ని కుదించే ప్రతిపాదనలు చేస్తే ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. చివరికి కుదిరిన రాజీ ప్రకారం 2006 నుంచి డ్యూస్ దగ్గర ఒకే పాయింటుతో గేమ్ తేల్చడం, మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడించడం వచ్చాయి. బతకనిచ్చారు గాని ఆట నిడివి కోసి మరీ బతకనిచ్చారు. సానియా పూర్తిగా అడుగుపెట్టిన రంగం ఇది. కీర్తి తక్కువ, సొమ్ము తక్కువ, దానికి తోడు భాగస్వామి దొరికితేనే పని. ఇంతగా మరొకరి మీద ఆధారపడే వృత్తులు క్రీడల్లో అరుదు.

అందుకే 2013ను మలుపుగా చూడటం సబబు. సింగిల్స్‌కు స్వస్తి చెప్పడమూ, అకాడమీ తెరవడమూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి. ఇరవయ్యారేళ్ళ ప్రాయంలో, ఒళ్ళు ఒక దారి మూసేశాక, ఆమె రెండు దారులు తెరిచింది. నేర్పడం మొదలుపెట్టాకనే ఆమె ఆట స్థిరపడింది అనడానికి రుజువు లేదు. అలాగని రెంటినీ విడదీసి చూడటానికీ వీల్లేదు. డబుల్స్ స్వభావమే అటువంటిది. సర్వీస్ చేసేముందు నెట్ దగ్గర నిలిచినవారు వీపు వెనుక వేళ్ళతో సైగ చేస్తారు, అడ్డం వస్తానో, ఉన్నచోటే ఉంటానో అని. ప్రతి పాయింటుకూ ముందు ఒక ఒప్పందం, తరువాత ఒక సమీక్ష. సింగిల్స్‌లో మనసులో దాచుకోగలిగే ఆలోచనను ఇక్కడ ఎదుటి మనిషికి అర్థమయ్యే మాటల్లో పెట్టాలి. బోధనకు ఇంతకన్నా దగ్గరి సాధన ఏముంటుంది?

2014లో ఫలితాలు రాసాగాయి. బ్రూనో సోరెస్‌తో యుఎస్ ఓపెన్ మిక్స్‌డ్, ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సాకేత్ మైనేనితో స్వర్ణం, సింగపూరులో కారా బ్లాక్‌తో కలిసి డబ్ల్యుటిఎ ఫైనల్స్. అక్కడ షే సు-వెయ్, పెంగ్ షుయ్ జోడీని 6-1, 6-0తో ఓడించారు. 2015 మార్చిలో మార్టినా హింగిస్ జత కలిసింది. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్, కలిసి ఆడిన తొలి మూడు పోటీలూ గెలిచారు; ఏప్రిల్ 13న సానియా ప్రపంచ ప్రథమ స్థానంలో ఉంది. పనివిభజన సూటిగా ఉండేది. వెనుక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ ప్రత్యర్థులను తడబెడుతుంది, నెట్ దగ్గర హింగిస్ చేతులు ఆ తడబాటును పాయింటుగా మారుస్తాయి.

ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ ఈ జోడీ గురించి అన్నీ చెబుతుంది. ఎదుట ఎకతెరీనా మకరోవా, వెస్నీనా. వెస్నీనా నాలుగేళ్ళ క్రితం పారిస్‌లో సానియా పక్కన ఆడిన మనిషే. తొలి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనుకబడ్డారు. అక్కడినుంచి 5-5 దాకా లాక్కొచ్చేసరికి వెలుతురు తగ్గింది; ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు. తిరిగి వచ్చాక రెండు గేములు, 7-5. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్ గెలిచిన భారతీయ మహిళ అంతకు ముందు లేదు. వెంటనే యుఎస్ ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరుసగా 41 విజయాలయ్యాక ఫిబ్రవరిలో దోహాలో వెస్నీనా, దార్యా కసాత్కినా ఆ పరంపరకు అడ్డుకట్ట వేశారు. ఆగస్టులో జోడీ విడిపోయింది. మొత్తం మీద సానియా 91 వారాలు ప్రథమ స్థానంలో ఉంది, 43 డబ్ల్యుటిఎ డబుల్స్ టైటిళ్ళు గెలిచింది. గ్రాండ్‌స్లాములు ఆరు, మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు.

మరి ఆ బడి సంగతి? పోల్చి చూడటానికి హైదరాబాదులోనే మరో బడి ఉంది. పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలో 2008లో తెరిచిన బ్యాడ్మింటన్ అకాడమీ. అక్కడి నుంచి సైనా నెహ్వాల్ 2012లో, పి.వి. సింధు 2016లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు. ముర్తుజాగూడ నుంచి అటువంటి పేరు రాలేదు. దీన్ని శిక్షకుల సమర్థతకు ముడిపెట్టి తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది. గోపీచంద్ ఆట మానేసి రోజంతా కోర్టు పక్కనే నిలిచాడు, ప్రభుత్వం ఐదెకరాల భూమి ఇచ్చింది, జాతీయ జట్టు అతని చేతిలోనే ఉంది. సానియా ఆ తొలి పదేళ్ళూ సంవత్సరంలో అధికభాగం విదేశాల్లో ఆడుతూనే ఉంది. అంతకన్నా పెద్ద అడ్డంకి టెన్నిస్ కట్టుబాటులోనే ఉంది. ర్యాంకింగ్ పాయింట్ల కోసం పదిహేడేళ్ళ పిల్ల దేశాలు పట్టి తిరగాలి, ఆ ఖర్చు కన్నవారిదే. హైదరాబాద్ ఓపెన్ ఉన్న రోజుల్లో సానియాకు పెద్ద ఆట ఇంటి ముంగిట్లోకే వచ్చింది. 2003లో అక్కడ తొలి రౌండులో ఓడిన పిల్లే రెండేళ్ళకు విజేత అయింది. 2005 తరువాత ఆ పోటీ బెంగళూరుకు తరలిపోయింది. ఆమె ఎక్కిన మెట్టు ఆమె వెనుక వచ్చేవారికి లేకుండా పోయింది.

అమెరికాలో ఆ మెట్టు కళాశాల రూపంలో ఉంది. షికాగో శివారు షామ్‌బర్గ్‌లో పెరిగే తెలుగు పిల్ల టెన్నిస్ పట్టుకుంటే ఆమెకు మొదట హైస్కూలు జట్టు ఉంటుంది, బాగా ఆడితే ఆపైన విశ్వవిద్యాలయ జట్టు. అక్కడి కళాశాల పోటీ మొదలయ్యేదే డబుల్స్‌తో. మూడు డబుల్స్ మ్యాచులు జరుగుతాయి, రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు, ఆ తరువాతే ఆరు సింగిల్స్. కాబట్టి జోడీగా ఆడటం రానివారికి ఆ జట్లలో చోటు కష్టం. 2003లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం 32 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ విజేత అయినప్పుడు ఆ జట్టులో రాజీవ్ రామ్ అనే భారతీయ సంతతి కుర్రవాడున్నాడు. బ్రయన్ విల్సన్‌తో కలిసి డబుల్స్ టైటిల్ కూడా గెలిచాడు. పదమూడేళ్ళ తరువాత రియో ఒలింపిక్స్ మిక్స్‌డ్ సెమీఫైనల్‌లో వీనస్ విలియమ్స్ పక్కన నిలిచి సానియా, రోహన్ బోపన్న జోడీని ఓడించింది అతనే. కాంస్యం కోసం ఆడిన మ్యాచు కూడా పోయి భారత జోడీ వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ ఓటమిని కేవలం ఒక రోజు ఆటగా చూడనక్కరలేదు. ఒకవైపు సొంతంగా, ఒక్కొక్కరుగా నేర్చుకున్న ఇద్దరు. మరొకవైపు డబుల్స్‌ను పాఠ్యాంశంలా నేర్పే వ్యవస్థలో పెరిగినవాడు. ఇంచియాన్‌లో సానియా పక్కన ఆడిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో చదివినవాడు కావడం, ఇటీవల భారత జట్టుకు ఆడుతున్న అనంతపురం అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ నుంచి రావడం కాకతాళీయం కాదు.

2018 అక్టోబరులో కొడుకు పుట్టాక సానియా రెండేళ్ళ విరామం ముగించి 2020 జనవరిలో హోబర్ట్‌లో నాదియా కిచెనోక్‌తో దిగింది, తొలి పోటీనే గెలిచింది. పద్దెనిమిది అడుగులే కాబట్టి సాధ్యమైందని అనేవారు ఉంటారు. ఆ పద్దెనిమిది అడుగుల్లో బంతి ఎప్పుడు ఎక్కడికి వస్తుందో ముందే తెలిసి ఉండటానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆ లెక్కలో ఉండదు. చివరి గ్రాండ్‌స్లామ్ 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్. అక్కడ మిక్స్‌డ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళిన భాగస్వామి బోపన్నే. పద్నాలుగేళ్ళ వయసులో ఆమెకు తొలి మిక్స్‌డ్ జోడీ కూడా అతనే. ఫిబ్రవరిలో దుబాయిలో మాడిసన్ కీస్‌తో ఆడి తొలి రౌండులో ఓడి నిష్క్రమించింది, మార్చి 5న హైదరాబాదు ఎల్‌బి స్టేడియంలో వీడ్కోలు ఆట ఆడింది. ఆ నెలలోనే మహిళల ప్రీమియర్ లీగ్‌లో బెంగళూరు క్రికెట్ జట్టుకు మార్గదర్శకురాలిగా కనిపించింది. ఆట వేరైనా ఆమెను పిలిచింది ఒత్తిడిని ఎలా మోయాలో అమ్మాయిలకు చెప్పడానికే.

ఆమె విడిచివెళ్ళిన రంగం మళ్ళీ కుదించుకుపోతోంది. 2025లో యుఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌ను ప్రధాన పోటీకి ముందే, రెండు రోజుల్లో, పదహారు జోడీలతో, పొట్టి సెట్లతో ముగించారు. విజేతలకు పది లక్షల డాలర్లు పెట్టి సింగిల్స్ తారలను రప్పించారు. డబుల్స్‌నే నమ్ముకున్నవారిలో చాలామందికి ప్రవేశమే దొరకలేదు. దొరికిన కొద్దిమందిలో ఇటలీ జోడీ సారా ఎరాని, ఆండ్రియా వవసోరి ఒకరు. ఫైనల్‌లో ఇగా ష్వియాంతెక్, కాస్పర్ రూడ్‌లను ఓడించి టైటిల్ పట్టుకుపోయింది వారే.